కణం చేసిన తప్పు, మనిషి మోసే పాపం

కాళేశ్వరం గుడిలో ఒకే పానవట్టం మీద రెండు లింగాలుంటాయి. ఒకటి కాలుడిది, అంటే యముడిది. రెండోది ముక్తేశ్వరుడిది. భూపాలపల్లి జిల్లా అంచున, గోదావరిలో ప్రాణహిత కలిసేచోట ఉన్న ఈ క్షేత్రానికి ఒక స్థలపురాణం ఉంది. ముక్తేశ్వరుణ్ణి కొలిచినవాళ్లందరికీ నేరుగా ముక్తి దొరికిపోతుంటే యముడికి పనిలేకుండా పోయిందట. ఆయన వెళ్లి శివుడికి మొరపెట్టుకున్నాడు. శివుడు తన పానవట్టం మీదే యముడికి చోటిచ్చి, ముందు కాలుణ్ణి పూజించాకే తన దగ్గరికి రావాలని ఏర్పాటు చేశాడట. 2025 మే నెలలో సరస్వతీ పుష్కరాలకు వచ్చిన జనానికీ గుడిలో చెప్పిన వరుస అదే.

మృత్యువుకు దేవుడి పక్కనే పీట వేసిన ఈ కథ, కణాల గురించి కాస్త తెలిసినవాళ్లకు మరో రకంగా వినిపిస్తుంది. మనిషి ఒంట్లో సుమారు 37 లక్షల కోట్ల కణాలుంటాయని అంచనా. వాటిలో రోజుకు దాదాపు 33,000 కోట్లు పోతూ, ఆ జాగాలో కొత్తవి వస్తూ ఉంటాయి. ఎక్కువ భాగం నెత్తురు కణాలు, తర్వాత పేగు లోపలి పొర కణాలు. ఈ చావుల్లో చాలావరకు ప్రమాదాలు కావు. తన పని అయిపోయినప్పుడు, లేదా బాగుచేయలేని లోపం తనలో పుట్టినప్పుడు కణం తనంతట తానే ముక్కలుగా విడిపోయి పక్క కణాలకు ఆహారమైపోతుంది. 1972లో కెర్, వైలీ, కరీ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు ఈ పద్ధతికి అపాప్టోసిస్ అని పేరు పెట్టారు. తల్లి కడుపులో ఉన్న పిండానికి మొదట వేళ్లు అతుక్కునే ఉంటాయి. వాటి మధ్యనున్న కణాలు చచ్చిపోతేనే అవి విడివడతాయి. మట్టిలో బతికే సీ ఎలిగాన్స్ అనే సన్నటి పురుగులో 1,090 దేహకణాలు పుడితే, అందులో సరిగ్గా 131 ఎదుగుదల మధ్యలోనే మరణిస్తాయి. ప్రతి పురుగులోనూ అవే కణాలు. ఈ లెక్క తేల్చినవాళ్లకు 2002లో నోబెల్ బహుమతి వచ్చింది.

అంటే చావు దేహానికి బయటి నుంచి వచ్చే శత్రువు మాత్రమే కాదు. బతుకు నడవడానికి అది లోపల ఉండి తీరాలి. కణితి మొదలయ్యేది సరిగ్గా ఇక్కడే. విభజన ఆపమన్న సంకేతాన్ని లెక్కచేయక, చావాల్సిన వేళ చావక, ఒక కణం తన సంతానాన్ని పెంచుకుంటూ పోతే ఆ ముద్దే గడ్డ అవుతుంది.

దీనికి అన్నిటికంటే బరువైన ఉదాహరణ అమెరికాలో ఉంది. పొగాకు పొలాల్లో పనిచేసిన నల్లజాతి స్త్రీ హెన్రియెట్టా లాక్స్. ఐదుగురు పిల్లల తల్లి. 1951లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు వైద్యం చేస్తూ, ఆమెను అడగకుండానే గడ్డలోంచి చిన్న ముక్క తీశారు. అక్టోబర్ 4న, 31 ఏళ్ల వయసులో ఆమె కన్నుమూసింది. ఆ కణాలు మాత్రం చావలేదు. హీలా అన్న పేరుతో ప్రపంచంలోని ప్రయోగశాలలన్నిటికీ పాకి నేటికీ విభజన చెందుతూనే ఉన్నాయి. పోలియో టీకా పరీక్షల నుంచి ఎన్నో పరిశోధనలు వాటి మీదే జరిగాయి. అమరత్వం కోరి తపస్సు చేసిన రాక్షసుల కథలు మన పురాణాల నిండా ఉన్నాయి. నిజంగా అమరత్వం దొరికిన మానవ కణం ఏం చేసిందో హెన్రియెట్టా దేహంలో కనిపిస్తుంది. తనకు ఇల్లయిన మనిషిని అది చంపేసింది.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల ఇళ్లలో క్యాన్సర్ మాట వచ్చినప్పుడు కణాల సంగతి ఎవరూ ముందు ఎత్తరు. మొదట వచ్చే మాట వేరు. "ఏ జన్మల ఏం పాపం జేసిన్నో, నాకే గిట్లయింది." ఈ మాట అనేది రోగి ఒక్కడే అయితే అది బాధలోంచి వచ్చిన నిట్టూర్పు అనుకోవచ్చు. పరామర్శకు వచ్చినవాళ్లూ అంటారు. అప్పుడది తీర్పు. కురవి వీరభద్రుడికి మొక్కు తీర్చలేదేమోనని ఒకరు, ఇంటికి ఏదో దోషం పట్టిందని మరొకరు, తాత చేసింది మనవడికి తగిలిందని ఇంకొకరు. గడ్డ ఒంట్లో ఉంటే నింద ఇంట్లోకి వస్తుంది. గోల్కొండ ఎక్స్‌ప్రెస్‌లో మహబూబాబాద్ నుంచో జనగామ నుంచో సికింద్రాబాద్ పోయి, అక్కణ్నుంచి రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రికి చేరే రోగి ఫైలుతో పాటు ఆ నిందనూ మోసుకుపోతుంటాడు. రైలు లేని భూపాలపల్లి నుంచి పరకాల మీదుగా బస్సులో వచ్చేవాళ్లకు ప్రయాణం మరింత పొడుగు.

ఇది మూఢనమ్మకమని కొట్టిపారేయడం సులువు. అలా కొట్టిపారేస్తే రోగి అడిగిన ప్రశ్న జవాబు లేకుండానే మిగిలిపోతుంది. "ఎందుకు?" అని అడిగే హక్కు నొప్పిలో ఉన్న మనిషికి ఉంది. కాబట్టి ఆ ప్రశ్నను గౌరవంగా తీసుకుని, ముందు కణాన్ని అడగాలి, తర్వాత శాస్త్రాలనూ పురాణాలనూ అడగాలి.

కణం చెప్పేది ఇది. దాదాపు ప్రతి కణంలో తల్లి నుంచి వచ్చిన 300 కోట్ల అక్షరాలు, తండ్రి నుంచి వచ్చిన 300 కోట్ల అక్షరాలు డీఎన్ఏగా ఉంటాయి. కణం రెండుగా చీలినప్పుడల్లా మొత్తం మళ్లీ రాసుకోవాలి. పాత కాలంలో పట్వారీ ఏటేటా పహాణీని చేత్తో తిరగరాసేవాడు. ఎంత నిక్కచ్చి మనిషైనా ఎక్కడో ఒక సర్వే నంబరులో అంకె మారేది, తర్వాతి ఏడు ఆ తప్పే అసలై కూర్చునేది. కణంలోనూ అంతే. తప్పులను వెతికి దిద్దే ఎంజైములున్నాయి, అవి అద్భుతంగా పనిచేస్తాయి, అయినా ఏవో కొన్ని జారిపోతాయి. వాటిలో చాలావాటివల్ల ఏ హానీ ఉండదు. పెరుగుదలను నడిపే జన్యువులోనో, ఆపే జన్యువులోనో, పాడైన కణాన్ని చంపించే పీ53 వంటి జన్యువులోనో పడినప్పుడే చిక్కు. అదీ ఒక్క తప్పుతో అయిపోదు. సాధారణంగా ఒకే కణ వంశంలో ఇలాంటివి అనేకం ఏళ్ల తరబడి పోగుపడాలి. వయసు పెరిగినకొద్దీ క్యాన్సర్ ఎక్కువయ్యేది అందుకే.

గడ్డలన్నీ క్యాన్సర్ కావన్నది మళ్లీ మళ్లీ చెప్పాల్సిన సంగతి. చర్మం కింద మెత్తగా కదిలే కొవ్వు గడ్డ, గర్భసంచిలో పెరిగే ఫైబ్రాయిడ్ తమ హద్దు దాటి పోవు. పక్క కణజాలంలోకి చొచ్చుకుపోయి, నెత్తురులోనో శోషరసంలోనో ప్రయాణించి మరో అవయవంలో స్థిరపడగల గడ్డే క్యాన్సర్. ఈ తేడా తెలియకపోవడంవల్ల మన స్త్రీలు చాలా నష్టపోయారు. గర్భసంచి తీయించుకున్న స్త్రీల శాతం ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ముందు వరుసలో ఉన్నాయని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చూపించాయి. "గడ్డుంది, ఉంచుకుంటే క్యాన్సరయితది" అన్న ఒక్క మాట చాలు, ముప్ఫై అయిదేళ్లకే సంచి తీయించుకోవడానికి. ఫైబ్రాయిడ్ క్యాన్సర్‌గా బయటపడడం చాలా అరుదైన సంగతి.

మరి తప్పులు ఎందుకు పడతాయి? కొన్ని పొగాకువల్ల. బీడీ, చుట్ట, గుట్కా, తంబాకు నోటి కణాలను, ఊపిరితిత్తుల కణాలను నేరుగా దెబ్బతీస్తాయి. శ్రీకాకుళం, విశాఖపట్నం తీరపల్లెల్లో స్త్రీలు నిప్పంటిన కొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే అలవాటు ఉండేది. మిగతాచోట్ల అరుదుగా కనిపించే అంగిటి క్యాన్సర్ అక్కడ ఎక్కువగా వస్తున్నదని వైద్యులు దశాబ్దాల కిందటే గుర్తించారు. నిప్పు ఎక్కడ తగిలిందో గడ్డ అక్కడే లేచింది. పూర్వజన్మ పాపానికి అంగిటినే ఎంచుకోవలసిన పనేమిటి?

కొన్ని వైరస్‌లవల్ల. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు దాదాపు ప్రతిసారీ కారణం హెచ్‌పీవీ. జర్మన్ శాస్త్రవేత్త హెరాల్డ్ సుర్ హౌసెన్ 1983లో ఆ జాడ పట్టుకున్నాడు, 2008లో నోబెల్ అందుకున్నాడు. హెన్రియెట్టా లాక్స్ గడ్డలో ఉన్నదీ ఆ వైరసే. దానికిప్పుడు టీకా ఉంది. టీకాతో ఆగేదాన్ని కర్మఫలం అనడం ఎలా కుదురుతుంది?

కొన్ని పనిచేసే చోటువల్ల. 1775లోనే లండన్ సర్జన్ పెర్సివాల్ పాట్, పొగగొట్టాలు తుడిచే కుర్రాళ్లకు వచ్చే క్యాన్సర్‌కు మసి కారణమని రాశాడు. భూపాలపల్లిలో సింగరేణి గనుల్లో దిగేవాళ్లకు ఈ సంగతి పట్టింపు కావాలి. బొగ్గు ధూళి క్యాన్సర్ తెస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ తేల్చలేదు. రాయిని తొలిచినప్పుడు లేచే సిలికా ధూళిని, డీజిల్ యంత్రాల పొగను మాత్రం క్యాన్సర్ కారకాలని నిర్ధారించింది. కార్మికుడి ఊపిరితిత్తికి జబ్బు వస్తే అతని కర్మ అనేయడం మిగతావాళ్లందరి బాధ్యతనూ మాఫీ చేస్తుంది. గాలి వచ్చే ఏర్పాటు ఎలా ఉంది, ధూళి మీద నీళ్లు కొట్టారా, ముఖానికి మాస్కు ఇచ్చారా అని అడిగేవాడు ఉండడు. కర్మ పేరుతో జరిగే అన్యాయాల్లో ఇది చిన్నదేమీ కాదు.

ఇవన్నీ పోను, మిగిలే వాటా ఒకటుంది. అక్కడ నిందించడానికి ఎవరూ దొరకరు. తిరగరాతలో దొర్లిన తప్పు, అంతే. 2015లో తొమాసెట్టి, వోగెల్‌స్టైన్ అనే పరిశోధకులు, ఏ అవయవంలో మూలకణాలు ఎక్కువసార్లు విభజన చెందుతాయో అక్కడ క్యాన్సర్ ఎక్కువని లెక్కలతో చూపి పెద్ద చర్చకు తెరతీశారు. ఎంత వాటా యాదృచ్ఛికం అన్నదానిమీద వాదం నడుస్తూనే ఉంది. కానీ ఆ వాటా సున్నా కాదని అందరూ ఒప్పుకుంటారు. మరోవైపు ప్రపంచ ఆరోగ్య సంస్థ 30 నుంచి 50 శాతం క్యాన్సర్లను ఆపవచ్చని కూడా చెబుతున్నది. రెండూ నిజాలే.

కారణం లేని బాధను మనసు తట్టుకోలేదు. పాపమైనా సరే, ఏదో ఒక కారణం ఉంటే బాగుండుననిపిస్తుంది. ఆ కోరిక ఎంత కఠినంగా మారుతుందో పసిపిల్లల జబ్బులో కనిపిస్తుంది. రెటినోబ్లాస్టోమా అని కంటి క్యాన్సర్ ఒకటి, ఎక్కువగా అయిదేళ్లలోపు పిల్లలకు వస్తుంది. కంటిపాపలో తెల్లటి మెరుపు కనబడడం దాని తొలి గుర్తు. ఈ జన్మలో పాపం చేసే వయసు బిడ్డకు లేదు కాబట్టి నింద తల్లిదండ్రుల మీదికో, గ్రహణం నాడు గర్భిణి చేసిన పని మీదికో పోతుంది. 1971లో ఆల్ఫ్రెడ్ నడ్‌సన్ 48 మంది పిల్లల వివరాలు పరిశీలించి, ఒకే జన్యువు రెండు ప్రతులూ దెబ్బతింటేనే ఈ గడ్డ పుడుతుందని ఊహించాడు. తర్వాత అది రుజువైంది. ఒక్క కంటికే వచ్చినప్పుడు చాలావరకు ఆ రెండు దెబ్బలూ బిడ్డ కంటి కణంలోనే పడినవి. పుట్టుకతోనే ఒక దెబ్బ ఉన్న పిల్లల్లోనూ ఎక్కువమంది విషయంలో అది తల్లికీ లేదు, తండ్రికీ లేదు. ఆ బిడ్డతోనే మొదలైంది. త్వరగా చూపిస్తే దాదాపు అందరు పిల్లలూ బతుకుతారు. నిందల్లో గడిచిన నెలలు మాత్రం తిరిగిరావు.

శాస్త్రాలు ఏమన్నాయి? మనవాళ్లు అనుకునే దానికంటే చాలా భిన్నంగా అన్నాయి. సూర్యాపేట నుంచి జనగామ వచ్చే దారిలో ఫణిగిరి గుట్ట మీద బౌద్ధ విహారపు శిథిలాలున్నాయి. ఒకప్పుడు ఈ నేల మీద భిక్షువులు వల్లించిన బుద్ధవచనాల కోవలో శివకుడనే పరివ్రాజకుడి ప్రశ్న ఒకటుంది. మనిషి అనుభవించే సుఖదుఃఖాలన్నీ పూర్వకర్మ ఫలమేనా అని అతను అడుగుతాడు. బుద్ధుడు కాదంటాడు. పిత్తం, కఫం, వాతం, ఆ మూడూ కలవడం, రుతువు మారడం, ఒంటిని సరిగా చూసుకోకపోవడం, బయటి దెబ్బ అని ఏడు కారణాలు వరుసగా చెప్పి, కర్మను ఎనిమిదోదిగా పెడతాడు. అన్నిటికీ కర్మే మూలమనేవాళ్లు కళ్లెదుట కనిపించేదాన్ని దాటిపోతున్నారని ఆయన ఆక్షేపణ.

చరకసంహిత కర్మవల్ల వచ్చే రోగాలున్నాయని ఒప్పుకుంటుంది. అయినా విమానస్థానంలో అగ్నివేశుడు ఆయుష్షు ముందే నిర్ణయమై ఉంటుందా అని అడిగితే, ఆత్రేయుడు దైవానికీ మనిషి ప్రయత్నానికీ రెండింటికీ చోటిస్తాడు. అంతా ముందే రాసి ఉంటే ఔషధాలెందుకు, మదమెక్కిన ఏనుగు ఎదురొస్తే తప్పుకోవడమెందుకు అన్నది ఆయన వాదన. సుశ్రుతుడు అర్బుదాన్ని వర్ణించిన తీరూ చూడదగ్గది. గుండ్రంగా, గట్టిగా, లోతుగా పాతుకుని, నెమ్మదిగా పెరుగుతూ, చీము పట్టని గడ్డ అన్నాడు. రోగి నీతి గురించి కాదు, గడ్డ స్వభావం గురించి రాశాడు. క్రైస్తవ కుటుంబాలకు తెలిసిన యోహాను సువార్తలోనూ ఇదే ఘట్టం వస్తుంది. పుట్టుగుడ్డివాణ్ణి చూసి, పాపం చేసింది ఇతడా, ఇతని తల్లిదండ్రులా అని శిష్యులు అడుగుతారు. యేసు ఇద్దరూ కాదని చెప్పి, అతనికి చూపు ఇచ్చే పనిలో పడతాడు.

కానీ వీటన్నిటికంటే గట్టి జవాబు ఈ ప్రాంతంలోనే ఉంది. జనగామ జిల్లా పాలకుర్తి పక్కన బమ్మెర. పోతన పేరుతో ముడిపడిన ఊరు. ఆయన భాగవతంలోని గజేంద్రుడికి పూర్వజన్మ కథ ఉంది. అతను ఇంద్రద్యుమ్నుడనే రాజు, అగస్త్యుడి శాపంవల్ల ఏనుగయ్యాడు. అంటే కర్మ లెక్క అక్కడ స్పష్టంగానే రాసి ఉంది. అయినా తెలుగువాళ్లు ఎవరైనా గజేంద్రమోక్షం తలుచుకున్నప్పుడు ఆ శాపాన్ని తలుచుకుంటారా? మొసలి పట్టిన కాలు, సన్నగిల్లిన బలం, దేవుడున్నాడో లేడోనన్న అనుమానం కూడా కలిసిన మొర, ఆ మొర విని శంఖచక్రాల కోసం కూడా ఆగకుండా బయలుదేరిన హరి, ఇవే గుర్తుంటాయి. ఏం పాపం చేశావని ఆయన అడగడు. శాపం సంగతి ఏనుగు బయటపడ్డాకే కథలో వస్తుంది. పోతన ఆ క్రమాన్ని మూలం నుంచే తీసుకున్నాడు, కానీ తన కవిత్వబలమంతా మొర మీద, పరుగు మీద ధారపోశాడు. భక్తుడికి ఆయన నేర్పిన మర్యాద అది. కాలు మొసలి నోట్లో ఉన్నవాడి దగ్గర విచారణ పెట్టకూడదు.

ఏనుగుల మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి. అంత పెద్ద దేహంలో మనకంటే ఎన్నో రెట్లు కణాలుంటాయి, ఆయుష్షూ తక్కువేం కాదు. లెక్కప్రకారం ఏనుగులకు క్యాన్సర్ విపరీతంగా రావాలి. రాదు. 2015లో వెలువడిన పరిశోధన ఒకటి దీనికి కారణం వెతికింది. పాడైన కణాన్ని చావుకు అప్పగించే పీ53 జన్యువు మనిషికి ఒకటే జత ఉంటే, ఏనుగులో దాదాపు 20 జతలున్నాయి. దాని కణాలు డీఎన్ఏ చెడిందని తెలిస్తే బాగుచేసుకునే తంటాలు పడకుండా చావును ఎంచుకుంటాయి. కాలుడికి పెద్దపీట వేసిన దేహం అది.

తెలుగు నేల నుంచే మరొకరు ఈ ప్రశ్నను తన జీవితంతో ఎదుర్కొన్నారు. 1895లో భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు యవ్వనంలో రామకృష్ణ మఠంలో చేరి సన్యసించాలనుకున్నారు. స్ప్రూ అనే పేగుజబ్బు ఆయన అన్నదమ్ములిద్దరిని కొద్దికాలం తేడాతో పొట్టనబెట్టుకుంది. ఆయన విధిని తలుచుకుని ఆగలేదు. వైద్యం చదివి అమెరికా వెళ్లి, లెడర్లీ ప్రయోగశాలలో ఫోలిక్ ఆమ్లం మీద పనిచేశారు. కణం విభజన చెందాలంటే డీఎన్ఏ రాసుకోవాలి, రాసుకోవాలంటే ఫోలిక్ ఆమ్లం కావాలి. దాని రూపంలోనే ఉండి దాని పని చేయని పదార్థాన్ని ఇస్తే పిచ్చిగా విభజన చెందే కణమే ముందు ఆకలితో చస్తుంది. సుబ్బారావు బృందం పంపిన అమినాప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ 1947లో లుకేమియా పిల్లలకు ఇచ్చాడు. 1948లో ప్రచురించిన ఫలితాల్లో 16 మందిలో 10 మందికి తాత్కాలికంగానైనా మేలు కనిపించింది. అదే ఏడు ఆగస్టులో సుబ్బారావు చనిపోయారు. అమినాప్టెరిన్‌కు తోబుట్టువైన మెథోట్రెక్సేట్ నేటికీ క్యాన్సర్ వార్డుల్లో, కీళ్లవాతపు రోగుల ఇళ్లలో వాడుకలో ఉంది. సన్యాసం కోరిన మనిషి చేసిన ఈ పని ఆధ్యాత్మికం కాదని ఎవరంటారు?

అన్ని గడ్డలూ లొంగవు. అప్పుడు మిగిలేది నొప్పి, దాంతోపాటు ఆ పాత ప్రశ్న. 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్ హాస్పిస్ తెరిచిన సిసిలీ సాండర్స్, రోగి నొప్పిలో దేహం, మనసు, కుటుంబం, ఆత్మ నాలుగూ ఉంటాయని, నాలుగింటికీ వైద్యం కావాలని పట్టుబట్టింది. మన దేశంలో మార్ఫిన్ దొరకడానికి ఉన్న అడ్డంకులు 2014 చట్టసవరణతో కొంత తగ్గాయి. తెలంగాణలో జనగామతో సహా కొన్ని జిల్లాల్లో ఉపశమన చికిత్స కేంద్రాలు వచ్చాయి. చివరి దశలో ఉన్న రోగి హైదరాబాద్ దాకా పోకుండా అక్కడే నొప్పికి మందు తీసుకోవచ్చు. మార్ఫిన్ దేహం నొప్పిని చూసుకుంటుంది. "ఏం పాపం జేసిన" అన్న నొప్పికి మందు నర్సమ్మ దగ్గర, పక్కింటివాళ్ల దగ్గర, పూజారి దగ్గర, పాస్టరు దగ్గర, ఇమాం దగ్గర ఉంది. ఏ పాపమూ చేయలేదు, ఇది కణంలో పడ్డ తప్పు అని వాళ్లు నోరు తెరిచి చెప్పాలి. గడ్డ తగిలిందని ఇంట్లో చెప్పడానికి భయపడే స్త్రీకి ఆ మాట ఇంకా ముందే చేరాలి. ముప్ఫై దాటినవాళ్లకు నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం పరీక్షలు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో చేయాలన్నది జాతీయ కార్యక్రమంలోనే ఉంది. ఊళ్లో ఆశా కార్యకర్తను అడిగితే ఏ రోజు రావాలో చెబుతుంది.